తాతయ్య కబుర్లు: రామెన్ దుకాణంలో బామ్మ



ఈ నెల మిమ్మల్ని జపాను దేశం తీసుకుపోతాను. మంచుకొండలూ, గుళ్ళూ చూపించడానికి కాదు. ఒక చిన్న హోటల్లో ఒక పావుగంట కూర్చోబెట్టి తీసుకువస్తాను. ఆ పావుగంటలో జరిగినది చెప్పడానికే ఇంత కబురూను.

2024 నవంబరులో నేనూ, మా అక్కయ్యా టోక్యో నగరం వెళ్ళాం. అక్కయ్య కొడుకు, అంటే మా మేనల్లుడు, అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. వాడి కూతురు అక్కడి బడిలోనే నాలుగో తరగతి చదువుతున్నది. దాన్ని మనం పాప అందాం. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, గడప దాటిందంటే జపాను భాష గలగలా మాట్లాడుతుంది.

పాపకు లోకంలోకల్లా ఇష్టమైన తిండి రామెన్. "బామ్మా, నువ్వు నా పక్కన కూర్చుని రామెన్ తినాలి" అని మేము విమానం దిగిన నాటి నుంచీ ఒకటే పోరు. అక్కయ్య పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టలేదు. చేప లేదు, గుడ్డు లేదు. అయినా మనవరాలి మాట తీసెయ్యలేక, "రామెన్ అంటున్నది కదురా తమ్ముడూ! పేరులోనే రాముడున్నాడు. పప్పూ కూరా వంటి తిండే అయివుంటుంది" అన్నది.

ఆ పేరులో రాముడు లేడు. అది చీనా మాట. 'లా' అంటే లాగటం, 'మియెన్' అంటే పిండితో చేసిన నూడిల్సు. చీనాలో కొన్ని ప్రాంతాలవాళ్ళు పిండిముద్దను రెండు చేతులా పట్టుకుని లాగి, మడిచి, మళ్ళీ లాగి సన్నని తాళ్ళలాగా చేస్తారు. జపాను భాషలో 'ల'కూ 'ర'కూ భేదం లేదు కనక 'లామియెన్' కాస్తా 'రామెన్' అయింది. తమాషా ఏమిటంటే, జపానులో ఇప్పుడు ఈ నూడిల్సును లాగి చేసేవాళ్ళు బహుకొద్దిమంది. పిండిని పలచగా వత్తి కత్తితోనో, యంత్రంతోనో కోస్తారు. పని మారినా పేరు మాత్రం మిగిలిపోయింది.

తిండి కూడా చీనావాళ్ళ వెంటే సముద్రం దాటి వచ్చింది. 1859 లో యొకొహామా రేవును విదేశీ వర్తకులకు తెరిచారు. ఆ రేవులో స్థిరపడిన చీనావాళ్ళ చిన్న చిన్న హోటళ్ళలో సూపులో వేసిన నూడిల్సు అమ్మేవారు. 1910 లో టోక్యోలోని అసకుసా పేటలో ఒజకి కన్‌ఇచి అనే ఆయన యొకొహామా నుంచి చీనా వంటవాళ్ళను పిలిపించి 'రైరైకెన్' అనే హోటలు పెట్టాడు. జపానువాళ్ళ నాలుకకు తగినట్టుగా రామెన్ చేసి పేరు తెచ్చుకున్న మొదటి హోటలు అదేనంటారు. అప్పట్లో దాన్ని 'చీనా నూడిల్సు' అనే అర్థం వచ్చే పేర్లతో పిలిచేవారు. రామెన్ అన్న పేరు తరవాత స్థిరపడింది.

సరే, మన కథకు వద్దాం.

ఆదివారం మధ్యాహ్నం మేము ముగ్గురం బయలుదేరాం. పాప మమ్మల్ని రెండు సందులు తిప్పి ఒక చిన్న దుకాణం ముందు నిలబెట్టింది. ద్వారానికి గుడ్డ తెర ఒకటి వేలాడుతున్నది. దాన్ని 'నోరెన్' అంటారు. నోరెన్ బయట కట్టివుంటే హోటలు తెరిచివున్నదని గుర్తు, లోపలికి తీసేశారంటే ఆనాటికి వంట అయిపోయిందని గుర్తు. తలుపు పక్కన గోడవారగా ఆరేడుగురు వరసగా నిలబడి ఉన్నారు. ఎవరూ తోసుకోవడం లేదు, ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. మేమూ వెనక చేరాం.

మా వంతు వచ్చేసరికి తలుపు లోపలే ఒక ఇనప బీరువా వంటిది కనిపించింది. దాని ముఖం నిండా మీటలు. అది టిక్కెట్ల యంత్రం. ఇటువంటి యంత్రమున్న హోటల్లో కూర్చుని "ఏముందయ్యా?" అని అడగడం ఉండదు. ముందు యంత్రంలో డబ్బు వెయ్యాలి, తరవాత కావలసిన మీట నొక్కాలి. చిన్న టిక్కెట్టు ఊడిపడుతుంది. దాన్ని వంటాయన చేతికి ఇస్తే సరి. వంట చేసే చెయ్యి డబ్బు ముట్టుకోనక్కరలేదు. లెక్కకు వేరే మనిషి అక్కరలేదు. తిన్న తరవాత బిల్లు కోసం కూర్చోనూ అక్కరలేదు, లేచి వెళ్ళిపోవడమే.

నేను గొప్పగా జేబులోంచి కొత్త వెయ్యి యెన్ల నోటు తీసి యంత్రం నోట్లో పెట్టాను. బుర్రుమని లోపలికి లాక్కుని, బుర్రుమని బయటికి ఉమ్మేసింది. తిప్పి పెట్టాను. మళ్ళీ ఉమ్మేసింది. నా వెనక నలుగురు.

పాప నవ్వి, "తాతయ్యా, ఈ యంత్రానికి కితసాతో గారు తెలియదు. నొగుచి గారే తెలుసు" అన్నది.

సంగతేమిటంటే, 2024 జులై 3 న జపాను ప్రభుత్వం కొత్త నోట్లు విడుదల చేసింది. కొత్త వెయ్యి యెన్ల నోటు మీద ఉన్నది కితసాతో షిబసబురో అనే శాస్త్రజ్ఞుడి బొమ్మ. ధనుర్వాతం కలిగించే సూక్ష్మజీవిని 1889 లో మొట్టమొదట విడిగా పెంచి చూపించినవాడు ఆయనే. పాత వెయ్యి నోటు మీద నొగుచి హిదెయొ ఉన్నాడు. ఆయనా సూక్ష్మజీవుల శాస్త్రజ్ఞుడే. పచ్చజ్వరం మీద పరిశోధనలు చేస్తూ 1928 లో ఆఫ్రికాలో అదే జబ్బుతో చనిపోయాడు. యంత్రాలకు కొత్త నోటును గుర్తుపట్టడం నేర్పాలంటే ఖర్చవుతుంది కనక చాలా చిన్న హోటళ్ళవాళ్ళు వెంటనే మార్పించలేదు. ఇందులో నాకు నవ్వు వచ్చిన విషయం ఇంకొకటి ఉన్నది. యువకుడిగా ఉన్నప్పుడు నొగుచి కొంతకాలం కితసాతో నడిపిన పరిశోధనశాలలోనే పనిచేశాడు. గురువుగారిని బయటికి గెంటి, శిష్యుణ్ణి లోపలికి రానిచ్చిందన్నమాట ఆ యంత్రం!

పాప దగ్గర వాళ్ళ నాన్న ఇచ్చిన పాత నోట్లు మూడు ఉన్నవి. అవి వేసింది. గిన్నె వెల 950 యెన్లు. మామూలుగా ఎడమ పక్కన పై మూలనున్న మీటే ఆ హోటలుకు పేరు తెచ్చిన వంటకమై ఉంటుంది. ఏమీ తోచనివాళ్ళు దాన్ని నొక్కేస్తే నష్టం లేదు. పాప తనకూ, నాకూ అదే నొక్కింది. అది సోయా పులుసు వేసిన రామెన్. నాకు అక్కయ్య కున్నటువంటి నియమాలు లేవులెండి. తరవాత మీటలన్నీ వెతికి, "బామ్మా, నీకు ఇదుగో! యసై రామెన్! యసై అంటే కూరగాయలు!" అని మూడో మీట నొక్కింది. మీట మీద బొమ్మ కూడా ఉన్నది. కాబేజీ, కారెట్టు, మొలకలు, పచ్చగా కళకళలాడుతున్నవి. చిల్లర పిడి తిప్పితే 150 యెన్లు గలగలా రాలినవి. మరిచిపోకండి, కొన్ని యంత్రాలు పిడి తిప్పితే గాని చిల్లర ఇవ్వవు.

లోపల మొత్తం తొమ్మిది పీటలు. బల్లలు లేవు. వంటింటి చుట్టూ ఒక పొడుగాటి చెక్క అరుగు, దాని ముందు వరసగా ఎత్తు పీటలు. మేము అడుగు పెట్టగానే లోపలివాళ్ళు "ఇరష్షైమాసే!" అని కేక వేశారు. "దయచేయండి" అని అర్థం. బదులు చెప్పనక్కరలేదు. కాస్త తల వంచితే చాలు. మంచినీళ్ళు మనమే పట్టుకోవాలి. కూర్చున్నవాళ్ళంతా తలలు వంచుకుని జుర్రుమని లాగుతున్నారు. కబుర్లు లేవు. తినడం కాగానే ఒక్క నిమిషం కూడా ఆగకుండా లేచిపోతున్నారు.

"ఇదేం తొందరే తల్లీ! ఎవరో తరుముతున్నట్టు తింటున్నారు" అన్నది అక్కయ్య.

తరుముతున్నది మనుషులు కాదు, నూడిల్సు. ఈ ఒక్క సంగతి తెలిస్తే రామెన్ దుకాణంలో ఉన్న మర్యాదలన్నీ మీకు వాటంతట అవే తెలుస్తవి.

నూడిల్సును మరిగే నీళ్ళలో వేస్తే పిండిలోని గంజిపదార్థం నీళ్ళు తాగి ఉబ్బుతుంది. సరిగ్గా ఉడికిన క్షణాన పైన మెత్తగా, నడుమ కాస్త బిరుసుగా ఉంటుంది. పళ్ళ కింద సాగి తెగుతుంది. రుచి అంతా అందులోనే. వంటాయన గరిట జల్లెడతో పైకి ఎత్తి నీరు విదిలించి సూపులో వేస్తాడు. కాని ఆ సూపు కూడా కాగుతున్నదే కదా! గిన్నెలో పడిన తరవాత కూడా నూడిల్సు నీళ్ళు తాగుతూనే ఉంటవి. పది నిమిషాలు కబుర్లాడామా, ఉబ్బి, మెత్తబడి, మన సేమ్యా పాయసం మర్నాటికి ముద్ద అయినట్టు అవుతవి. అందుకే ముందే టిక్కెట్టు, అందుకే కబుర్లు తక్కువ, అందుకే గిన్నె వచ్చిన మరుక్షణం తినడం. తినకుండా పీట మీద కూర్చోవడం మర్యాద కాదు. మనిషికొక గిన్నె తీసుకోవాలన్న నియమం కూడా అందువల్లనే చాలా చోట్ల ఉన్నది. తొమ్మిది పీటలతో సంసారం నడవాలి గదా.

ఫుకువోకా అనే ఊళ్ళో ఇంకా చిత్రం. అక్కడ నగహామా చేపల బజారులో పనివాళ్ళకు తీరిక తక్కువ. వాళ్ళకోసం త్వరగా ఉడికే బహు సన్నని నూడిల్సు చేశారు. సన్నవి త్వరగా ఉడుకుతవి, త్వరగా మెత్తబడతవి కూడా. అందుచేత ఒకేసారి ఎక్కువ పెట్టకుండా కొంచెమే పెడతారు. అది అయిపోగానే "కయెదమా!" అంటే, మిగిలిన సూపులో వేడివేడిగా మరొక గుప్పెడు నూడిల్సు తెచ్చి వేస్తారు. వాటిని గట్టిగా ఉడికించాలా, మామూలుగానా, మెత్తగానా అని కూడా అడుగుతారు. గట్టిగా కావాలంటే "కత", మామూలుగా అయితే "ఫుత్సూ", మెత్తగా అయితే "యవ" అనాలి.

అంత త్వరగా మెత్తబడకుండా ఈ నూడిల్సును కాపాడేది మరొకటి ఉన్నది. గోధుమపిండి కలిపే నీళ్ళలో 'కన్‌సుయి' అనే క్షారం వేస్తారు. అందులో ఉండేవి సోడియం కార్బొనేటు, పొటాసియం కార్బొనేటు. అప్పడాల పిండిలో మన పెద్దలు కలిపే క్షారం వంటిదే ననుకోండి. ఈ క్షారం తగిలితే పిండిలోని జిగురు బిగిసి సాగే గుణం వస్తుంది. అంతే కాదు, గుడ్డు వెయ్యకపోయినా నూడిల్సు పసుపుపచ్చగా అవుతవి. గోధుమలో సహజంగా ఉండే కొన్ని పదార్థాలకు మామూలుగా రంగు కనపడదు. క్షారం తగలగానే పసుపు రంగు తేలుతుంది. నమ్మకం కలగకపోతే మీ అమ్మనడిగి చిటికెడు పసుపులో కాస్త సున్నం కలిపి చూడండి. ఎర్రబడుతుంది. పెళ్ళిళ్ళలో కాళ్ళకు పెట్టే పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్ళు అలా వచ్చినవే. అక్కడ పసుపు ఎర్రనవుతుంది, ఇక్కడ తెల్లపిండి పసుపవుతుంది. రెండింటికీ కారణం క్షారమే.

మీ ఇళ్ళలో రెండు నిమిషాల్లో చేసుకునే పొట్లాల నూడిల్సుకు మూలపురుషుడు కూడా రామెనే. ఒసాకా దగ్గర ఇకెద అనే ఊళ్ళో అందో మొమొఫుకు అనే ఆయన తన పెరటి పాకలో ఎన్నో రకాలుగా ప్రయత్నించి, ఉడికిన నూడిల్సును నూనెలో వేయించి చూశాడు. నూనె వేడికి లోపలి నీళ్ళు ఆవిరై పోతూ కంటికి కనపడని రంధ్రాలు చేసినవి. వేడినీళ్ళు పోస్తే అవి ఆ రంధ్రాల్లోంచి దూరి నూడిల్సును మళ్ళీ మెత్తబరిచినవి. 1958 ఆగస్టు 25 న ఆయన తొలి పొట్లాన్ని అమ్మకానికి పెట్టాడు. వరసలో నిలబడే ఓపిక లేనివాళ్ళు ఆయనకు దణ్ణం పెట్టుకోవాలి.

నూడిల్సు గొడవలో పడి అసలు సంగతి వెనకబడ్డది. పాప మూడు టిక్కెట్లూ అరుగు మీద పెట్టింది. వంటాయన వాటిని తీసుకుని, వంటకాల పేర్లు పైకి చదివి, మూడు గిన్నెలు వరసగా పేర్చాడు. ఒక్కొక్క దానిలో గరిటెడు సోయా పులుసు వేశాడు. పక్కన ఒక పొయ్యి మీద ఇనప గంగాళంలో సూపు మరుగుతున్నది. పీటలు ఎత్తుగా ఉండటంవల్ల పాపకు అందులోకి కనిపిస్తుంది. అది కాసేపు ఆ గంగాళం వంకే చూసింది. తరవాత నా చెవి దగ్గరికి వంగి, "తాతయ్యా, గంగాళం ఒకటే ఉన్నది" అన్నది.

నాకు వెంటనే అర్థమయింది. గిన్నెలు మూడు, సూపు ఒకటి. ఆ గంగాళంలో తేలుతున్నవి ఎముకలు. అంటే కూరగాయల రామెన్‌లో కూరగాయలు పైన మాత్రమే.

ఇది మోసం కాదు సుమా! అక్కడివాళ్ళకు రామెన్ అంటేనే ఎముకల సూపు. పంది ఎముకలో, కోడి ఎముకలో గంటల తరబడి కాగబెడితే వాటిలోని కొలాజెన్ అనే పదార్థం కరిగి జెలటిన్ అవుతుంది. సూపు పెదవులకు అంటుకునేటంత చిక్కగా అవుతుంది. ఇంకా గట్టిగా మరిగిస్తే కొవ్వు సన్నని బిందువులుగా విడిపోయి పాలలాగా తెల్లబడుతుంది. పైగా ఎండబెట్టిన చేపలు కూడా తరచు వేస్తారు. కూరగాయల రామెన్ అంటే 'కూరగాయలు ఎక్కువ వేసినది' అని వాళ్ళ అర్థం. మా పాప చదివినది తప్పు కాదు, మేము అనుకున్నదే తప్పు.

ఇప్పుడేం చెయ్యాలి? అక్కయ్యకు ఏమీ తెలియదు. పుల్లలు ఎలా పట్టుకోవాలా అని చూసుకుంటూ, మనవరాలి పక్కన ఎంతో సంతోషంగా కూర్చుని ఉన్నది. వెనక తలుపు దగ్గర వరస ఇంకా పెరిగింది. డబ్బు ఇచ్చేశాం. వంటాయన చేతులు యంత్రంలాగా ఆడుతున్నవి. అటువంటి చోట "ఆగండి" అనడమంటే పరుగెత్తే రైలు గొలుసు లాగినట్టే. దాచడం ఎందుకు, నేను వెనక్కు తిరిగి ఆ వరస చూసి నోరు మూసుకున్నాను. ఏదైనా కడుపు నొప్పి వంక పెట్టి అక్కయ్యను లేవదీద్దామా అని కూడా ఆలోచించాను.

పాప మాత్రం పీట మీద సగం లేచి, "సుమిమాసెన్!" అన్నది. "క్షమించండి" అనీ, "కాస్త ఇటు చూడండి" అనీ కూడా ఆ ఒక్క మాటకే అర్థం. తరవాత, "ఈ సూపులో మాంసం ఉన్నదా? మా బామ్మ మాంసం, చేప తినదు" అని గబగబా అడిగింది. దాని చెవులు ఎర్రబడినవి. పీటల మీద వాళ్ళందరూ ఒకసారి తల ఎత్తి చూశారు.

వంటాయన ముందు మాట్లాడలేదు. ఇంకెవరి కోసమో ఉడుకుతున్న నూడిల్సును పైకెత్తి, నీరు విదిలించి, గిన్నెలో వేసి, ఆ మనిషి ముందు పెట్టాడు. నూడిల్సు ఆగవు కదా! అప్పుడు చేతులు తుడుచుకుని పాపవైపు తిరిగి, గంగాళం చూపించి, "పంది ఎముకలు, కోడి, ఎండుచేపలు" అని ఒక్కొక్కటే చెప్పాడు. తరవాత అక్కయ్యవైపు తిరిగి నడుము వంచాడు. సొరుగు లాగి 950 యెన్లు తీసి, చిన్న పళ్ళెంలో పెట్టి ఆమె ముందుకు జరిపాడు. మూడో గిన్నె వెనక్కు తీసేశాడు.

మాట తెలియకపోయినా అక్కయ్యకు సంగతి తెలిసిపోయింది. ఆమె లేచి, "పీట ఖాళీ చేస్తానురా. ఇంకొకరు కూర్చుంటారు. మీరిద్దరూ నెమ్మదిగా తినిరండి" అని నోరెన్ తప్పించుకుని బయటికి వెళ్ళిపోయింది.

మా గిన్నెలు వచ్చినవి. రెండు చేతులూ జోడించి "ఇతదకిమస్" అనాలి. "ప్రసాదంగా స్వీకరిస్తున్నాను" అన్నట్టు. కొయ్యపుల్లల జత విడదీసుకోవాలి. సూపుకు చిన్న పింగాణి గరిటె ఇస్తారు. దాని పేరు 'రెంగె'. రాలిన తామరరేకులాగా ఉంటుందని ఆ పేరు. నూడిల్సును కొరికి గిన్నెలోకి వదలకుండా జుర్రుమని లాగాలి. అలా లాగితే గాలి కూడా వెళ్ళి నూడిల్సును చల్లారుస్తుంది. నోటి వెనకనుంచి వాసన ముక్కుకు చేరుతుంది. వాసన తెలియకపోతే రుచి సగమే కదా, జలుబు చేసినప్పుడు అన్నం ఎలా ఉంటుందో మీకు తెలిసినదే. సూపు చాలా బాగున్నది. కాని పాప తల ఎత్తలేదు. గిన్నె అయిపోగానే అరుగు మీది గట్టున పెట్టి, ముందున్న గుడ్డతో తన ముందర తుడిచి, చరచరా బయటికి నడిచింది.

అక్కయ్య ఎండలో నిలబడి వరసలోని ఒక ముసలమ్మతో సైగలతో ఏదో మాట్లాడుతున్నది. పాపను చూసి, "నువ్వు అడక్కపోతే నాకు తెలిసేదటే?" అన్నది.

"తెలిసేది కాదు బామ్మా."

"మరి ఎందుకడిగావు? అంతమందిలో!"

పాప చెప్పుల వంక చూస్తూ, "నాకు తెలిసిపోయింది కదా" అన్నది.

అక్కయ్య ఇంకేమీ అడగలేదు. దాని చెయ్యి పట్టుకున్నది. ఇంటికి పోయేదాకా వదలలేదు.

మరుసటి వారం పాపా, వాళ్ళ నాన్నా కూర్చుని వెతికారు. టోక్యోలో మాంసం, చేప, గుడ్డు, పాలు లేకుండా రామెన్ చేసేవాళ్ళు కూడా ఉన్నారు. ఆదివారం నాడు మళ్ళీ బయలుదేరాం. ఈసారి పాప యంత్రం ముట్టుకోకముందే లోపలికి తొంగిచూసి మూడు ప్రశ్నలు అడిగింది. మీకు పనికి వస్తవి కనక చెబుతున్నాను. 'నికు' అంటే మాంసం, 'సకాన' అంటే చేప, 'తమాగో' అంటే గుడ్డు. "నికు లేదు" అన్నంత మాత్రాన చేప లేదని కాదు. ఎండుచేపతో కాచిన నీళ్ళను అక్కడ చాలా వంటల్లో పోస్తారు, వాటిని మాంసం కింద జమకట్టరు. అందుచేత ఒక్కొక్కటీ విడివిడిగా అడగాలి. మూడింటికీ లేదన్నారు. అప్పుడు నొక్కింది మీట.

ఎముక లేకుండా సూపుకు ఆ రుచి ఎక్కణ్ణించి వస్తుందని మీరడగవచ్చు. దీనికి సమాధానం చెప్పినవాడు జపాను శాస్త్రజ్ఞుడే. సముద్రంలో 'కొంబు' అనే నాచు పెరుగుతుంది. ఆకులు మూరెడు వెడల్పున కూడా ఉంటవి. దాన్ని నానబెట్టి కాచిన నీళ్ళకు ఒక కమ్మదనం ఉంటుంది. తీపి కాదు, పులుపు కాదు, ఉప్పు కాదు, చేదు కాదు. 1908 లో టోక్యో విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రాచార్యుడు ఇకెద కికునయె ఆ నాచునుంచి గ్లుటమిక్ ఆమ్లం అనే పదార్థం వేరు చేసి, ఈ రుచికి అదే కారణమని చెప్పి, దానికి 'ఉమామి' అని పేరు పెట్టాడు. బాగా పండిన టొమేటోలో కూడా అది ఉన్నది. 1957 లో కునినక అకిర అనే మరొక శాస్త్రజ్ఞుడు ఎండబెట్టిన షీటాకె పుట్టగొడుగుల్లో ఉండే గ్వానిలేట్ అనే పదార్థానికి కూడా ఉమామి ఉన్నదని కనిపెట్టాడు. అంతకంటె విడ్డూరమేమిటంటే, నాచు నీళ్ళూ, పుట్టగొడుగుల నీళ్ళూ కలిపితే ఆ రుచి ఒకటీ ఒకటీ రెండు కాదు, ఎన్నో రెట్లు పెరుగుతుంది. శాస్త్రజ్ఞులు కారణం చెప్పక ముందే జపానులో బౌద్ధమఠాల వంటవాళ్ళు కొంబూ, పుట్టగొడుగులూ కలిపి కాచేవారు.

అక్కయ్య ముందు గిన్నె పెట్టారు. నాచూ, పుట్టగొడుగులూ కాచిన సూపు. అందులో సోయా పాలు, నువ్వుల ముద్ద. పైన మొలకలు, పాలకూర. ఆమె ఒక గరిటె తాగి కాసేపు కళ్ళు మూసుకున్నది.

"ఎలా ఉన్నది బామ్మా?" అన్నది పాప ఊపిరి బిగబట్టి.

"ఉండవే, నాకు తెలియాలి కదా!" అని ఇంకొక గరిటె తాగింది. తరవాత మరొకటి. అప్పుడు పాప తన గిన్నె దగ్గరికి లాక్కున్నది.

నూడిల్సు దగ్గర మాత్రం పెద్ద తగువు. ఈ అక్కయ్యే చిన్నప్పుడు నేను మజ్జిగ జుర్రుకుంటే, "ఏమిట్రా ఆ చప్పుడు?" అని వీపు మీద ఒకటి వేసేది. ఇప్పుడు మనవరాలు, "బామ్మా, చప్పుడు రావాలి! చప్పుడు లేకపోతే చల్లారదు!" అంటున్నది. ఆమె అటూ ఇటూ చూసింది. పక్కవాళ్ళంతా జుర్రుతున్నారు. పుల్లలు జారిపోతుంటే అరిచేత్తో అదిమిపట్టి, ఒక్క పోగు నోట పెట్టి సన్నగా లాగింది. రెండోది కాస్త గట్టిగా. మూడోదానికి నేనే తిరిగి చూశాను.

గిన్నె అడుగు కనపడేదాకా తిన్నది. గిన్నెను ఎత్తి గట్టున పెట్టింది, గుడ్డతో ముందర తుడిచింది. ఆ రోజున పాపను చూసి నేర్చుకున్నదే. వెళ్ళేటప్పుడు వంటవాళ్ళకు "గొచిసోసమ" అని చెప్పాలి. "మంచి విందు చేశారు" అని అర్థం. అక్కడ బక్షీసు ఇచ్చే అలవాటు లేదు, ఆ మాటే బక్షీసు.

"అను బామ్మా! గొచిసోసమ!"

"ఏమిటీ? గోచీయా?" అన్నది అక్కయ్య. "నడివీధిలో నా చేత ఆ మాట అనిపిస్తావుటే! నా వల్ల కాదు" అని, వంటింటివైపు తిరిగి మన పద్ధతిన రెండు చేతులూ జోడించి, "నమస్కారం నాయనా, కడుపు నిండింది" అన్నది తెలుగులోనే. లోపల ఉన్న కుర్రవాడు గరిట కింద పెట్టి తానూ చేతులు జోడించాడు.

వచ్చే నెల ఆ కొంబు నాచు సముద్రంలో ఎలా పెరుగుతుందో, దాన్ని ఎలా కోసి ఎండబెడతారో చెబుతాను. అంతవరకు సెలవు.

— తాతయ్య